విజయనగరంలో కోటతో ఆగకండి: ఈ ఊరిని మలిచిన మనుషుల్ని వెతుక్కుంటూ ఎలా నడవాలి

విజయనగరం వచ్చేవాళ్ళలో చాలామంది పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకుని, కోట ముందు ఒక ఫొటో దిగి, రామతీర్థం బస్సెక్కేస్తారు. దర్శనం మంచిదే, ఫొటో కూడా మంచిదే. కానీ ఈ ఊరికి వచ్చిన పేరు గోడల వల్ల వచ్చింది కాదు, మనుషుల వల్ల వచ్చింది. ఆ మనుషులు ఎక్కడో వేరువేరు కాలాల్లో, వేరువేరు మూలల్లో బతికినవాళ్ళు కూడా కాదు. ఒకరింటి నుంచి ఇంకొకరింటికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, చాలావరకు ఒకరికొకరు తెలిసి, ఒకరి సాయంతో ఒకరు ఎదిగినవాళ్ళు. అందుకే గురజాడ, ఆదిభట్ల, ద్వారం అని పేర్లు విడివిడిగా చదువుకుని వస్తే ఊరు పట్టుబడదు. ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, ఎవరు ఎవరికి ఉద్యోగం ఇచ్చారు, ఎవరి ఊళ్ళో ఉన్న ఏ అన్యాయం చూసి ఎవరు ఏం రాశారు, ఇవి పట్టుకుని నడవాలి. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళకీ, ఉద్యోగాల మీద ఎక్కడెక్కడో స్థిరపడి దసరాకి ఊరొచ్చేవాళ్ళకీ పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

బయల్దేరే ముందు చేయాల్సిన పని

మూడు పనులు చేసి రండి, ఎక్కువ టైమ్ పట్టవు. గురజాడ గారి కన్యాశుల్కం నాటకం మొత్తం చదవలేకపోయినా మొదటి అంకం మొదటి రంగం చదవండి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డింగు ఒకటి, ఏదైనా సరే, పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి వినండి. చాసో (చాగంటి సోమయాజులు) కథ ఒకటి చదవండి, ఏది చదవాలో తెలియకపోతే ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ చదవండి. ఇవేవీ చేయకుండా వస్తే మీకు కనిపించేవి ఒక కోట, కొన్ని పాత మేడలు, ట్రాఫిక్. పిల్లలు ఉంటే మరీ ముఖ్యం, కథ తెలియని పిల్లవాడికి పాత ఇల్లు పాత ఇల్లులాగే కనిపిస్తుంది మరి.

ఇక నాలుగో పని కూడా ఒకటుంది, అది ఒక కాగితం మీద కొన్ని సంవత్సరాలు రాసుకోవడం. ఎందుకంటే ఈ ఊరి చరిత్ర చదవబోయే ఎవరైనా మొదట తికమకపడేది ‘విజయరామ’ అనే పేరు దగ్గర. ఈ ఊరిని ఏలిన పూసపాటి వంశంలో ఆ పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎవరైనా విజయరామరాజు గారు అనగానే ‘ఏ సంవత్సరం?’ అని అడగడం అలవాటు చేసుకోండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. 1713 అంటే కోట కట్టిన కాలం, ఊరి పేరులో ఉన్న విజయరామరాజు ఆ కాలం మనిషి. 1757 అంటే బొబ్బిలి యుద్ధం, ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్ళి, ఆ తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో తన డేరాలోనే చనిపోయిన పెద్ద విజయరామరాజు. 1794 అంటే పద్మనాభం, ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయిన చిన విజయరామరాజు. 1857 అంటే ఇంగ్లీషు బడి పెట్టించిన విజయరామ గజపతి. 1919 అంటే సంగీత పాఠశాల పెట్టిన విజయరామ గజపతి. 1958 అంటే చదువుల కోసం మాన్సాస్ ట్రస్టు స్థాపించిన పి.వి.జి. రాజు గారు, ఆయన పేరులోని ‘వి’ కూడా విజయరామే.

ఈ కాగితంలో 1757, 1794ల మధ్య ఒక గీత గీయండి. బొబ్బిలి తర్వాత ఏడాదికి, 1758లో, పూసపాటి ఆనందరాజు ఫ్రెంచివాళ్ళని వదిలి ఇంగ్లీషువాళ్ళని పిలిచారు, చందుర్తి దగ్గర ఇద్దరూ కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించారు. అలా పిలిచి తెచ్చుకున్న అదే కంపెనీ, 36 ఏళ్ళ తర్వాత కప్పం బకాయిల గొడవలో అదే వంశపు రాజుని పద్మనాభంలో చంపింది. ఈ ఒక్క ముక్క అర్థమైతే, ఆ తర్వాతి రాజులు కత్తులు పక్కన పెట్టి బళ్ళు, నాటకాలు, సంగీతం మీద ఎందుకు డబ్బు పెట్టారో కొంత తెలుస్తుంది. యుద్ధం చేసే అధికారం పోయింది, డబ్బు మిగిలింది. ఆ డబ్బుని మంచి పనికి పెట్టినవాళ్ళు ఈ ఊళ్ళో కొందరు ఉన్నారు, అది ఈ ఊరి అదృష్టమని నా నమ్మకం.

నడక బొంకుల దిబ్బ దగ్గర మొదలుపెట్టండి

కోట లోపల కాదు, కోట ముందున్న బొంకుల దిబ్బ దగ్గర. కన్యాశుల్కం తెర లేచేది ఇక్కడే, గిరీశం మొట్టమొదట కనిపించేది ఇక్కడే. తెలుగు నాటకంలో అంత పేరున్న పాత్ర నిజంగా నడిచే చోటు మీద నిలబడి, చదువుకొచ్చిన రంగాన్ని గుర్తు చేసుకోండి. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే రండి, బేరాలు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల నిలబడి మాట్లాడుకోవడం కష్టం.

ఇక్కడే పిల్లలకి అసలు విషయం చెప్పాలి, నవ్వుకునే నాటకం కింద ఏముందో. విజయనగరం సంస్థానాధీశుడు ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లా మైదాన ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో లెక్కకి వచ్చినవి 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ లెక్క గురజాడ గారు నాటకానికి రాసిన ఇంగ్లీషు పీఠికలోనే ఉంది. నాటకం ఈ ఊళ్ళోనే 1892లో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడారు, 1897లో పుస్తకంగా వచ్చింది, ఆనంద గజపతికే అంకితం. ఆ ఏడే ఆయన చనిపోయారు. ఇప్పుడు మనం చదువుకునే పెద్ద నాటకం 1909 నాటిది, దాదాపు కొత్తగా రాసినట్టే. ఒక జమీందారు తన సంస్థానంలోని తప్పుని లెక్కపెట్టించడం, ఆయన ఉద్యోగి దాన్ని వాడుక భాషలో నాటకంగా రాయడం, ఆ ఊరివాళ్ళే వచ్చి కూర్చుని చూడడం, ఈ మూడూ ఒకే చోట జరిగాయంటే మామూలు సంగతి కాదు. నేనైతే కోట కంటే ముందు దీన్నే చూపిస్తాను.

ఆ తర్వాత కోటలోకి వెళ్ళండి. తూర్పు వైపు నగారాఖానా ద్వారం చూసి, లోపల కాలేజీ ఉందని గుర్తుంచుకుని గొడవ చేయకుండా, ఎక్కడికి రానిస్తే అక్కడికే వెళ్ళండి. వాచ్‌మన్‌ని మర్యాదగా అడిగితే దారి చెప్తారు. ఈ కోటనీ, ఇంకా చాలా ఆస్తినీ చదువుల కోసం ట్రస్టుకి ఇచ్చేసిన పి.వి.జి. రాజు గారి గురించి ఇక్కడ చెప్పాలి. రాజవంశంలో పుట్టి సోషలిస్టు అయిన మనిషి, రాష్ట్రానికి విద్యాశాఖ మంత్రిగా కూడా చేశారు. పద్మనాభంలో ప్రాణం ఇచ్చిన రాజు, ఆస్తి ఇచ్చేసిన రాజు, ఇద్దరి పేరూ ఒకటే.

మహారాజా కాలేజీ, ముగ్గురు కుర్రాళ్ళు

1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది. ఇక్కడ ఆగి ఇంకో మూడు సంవత్సరాలు రాసుకోండి. 1862 గురజాడ అప్పారావు, 1863 గిడుగు రామమూర్తి, 1864 ఆదిభట్ల నారాయణదాసు. వరసగా మూడేళ్ళలో పుట్టిన ఈ ముగ్గురూ కుర్రతనంలో ఈ ఊళ్ళో తిరిగినవాళ్ళే. గురజాడ ఎస్. రాయవరం నుంచి, గిడుగు శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేట నుంచి, నారాయణదాసు బలిజిపేట దగ్గర అజ్జాడ నుంచి వచ్చారు. ఈ ఊరికి పేరు తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది బయట పల్లెల నుంచి చదువు కోసమో అన్నం కోసమో వచ్చినవాళ్ళేనని నడుస్తున్నకొద్దీ మీకే తెలుస్తుంది.

గురజాడ, గిడుగు ఒకే తరగతిలో చదువుకున్నారు. గురజాడకి ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు తన ఇంట్లో చోటిచ్చి చదివించారు. గిడుగు తండ్రి పోయాక బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నారు, ఆ తర్వాత పర్లాకిమిడిలో టీచరుగా వెళ్ళి, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇవాళ మీరు ఈ వ్యాసం మీరు మాట్లాడే తెలుగులో చదవగలుగుతున్నారంటే ఆ ఇద్దరి స్నేహానికి అందులో పెద్ద వాటా ఉంది.

ఇక్కడి నుంచి గురజాడ గారి ఇంటికి వెళ్ళండి. ఇల్లు స్మారకంగా ఉంచారు, దారి ఎవరిని అడిగినా చెప్తారు. “గురజాడోరి ఇల్లేనా బాబూ, ఇటేపు తిన్నగా ఎలిపోండి” అనే మాట వింటే ఊరు మీతో మాట్లాడుతున్నట్టే. లోపల తొందరపడకండి. ఫొటోలు చూడండి, కానీ అంతకంటే ముందు ఆయన ఉద్యోగాల వరస గుర్తు చేసుకోండి. కాలేజీలో లెక్చరరు, సంస్థానంలో శాసనాల పరిశోధకుడు, ఆనంద గజపతి పోయాక ఆయన చెల్లెలు రీవా మహారాణి అప్పల కొండయాంబ దగ్గర కార్యదర్శి. వారసత్వం కేసు పనులు చూస్తూ, ఆరోగ్యం బాగోక బాధపడుతూ, ఆ మధ్యలోనే 1910లో ‘దేశమును ప్రేమించుమన్నా’ అనే గేయం, ‘దిద్దుబాటు’ కథ రాశారు. ఆయన పోయింది 1915 నవంబరు 30న, 53 ఏళ్ళకే. ఇక్కడ పిల్లల చేత ఆ గేయం ఒకసారి చదివించండి, స్కూల్లో ఎలాగూ నేర్చుకునే ఉంటారు.

సంగీత కాలేజీకి ఎక్కువ సేపు ఉంచుకోండి

నన్నడిగితే ఈ నడకకి గుండెకాయ ఇదే. 1919లో విజయరామ గాన పాఠశాలగా మొదలైంది. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదనీ, ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించడం కోసం మొదలైన ఆలోచన అందరి కోసం బడి అయిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు గారు.

దాసు గారి గురించి చెప్పేటప్పుడు ‘హరికథా పితామహుడు’ అని బిరుదు చెప్పి ఊరుకోకండి, ఆ మాటతో ఈ తరం పిల్లలకి ఏమీ కనపడదు. ఆయన ఏం చేశారో చెప్పండి. ఈ ఊరికి వచ్చిన కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని, 1883లో తనే ధ్రువ చరిత్ర రాసుకుని చెప్పారు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, కథ తనదే, పాట తనదే, ఆట తనదే. తెలుగు, సంస్కృతంతో పాటు ఇంగ్లీషు, పారసీ కూడా నేర్చుకుని, ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ మార్చి 1932లో అచ్చువేశారు. రాత్రి పల్లెటూరి జనం ముందు గజ్జె కట్టిన మనిషి, పగలు పారసీ పద్యంతో కుస్తీ పట్టారన్నమాట. ఆ రెండూ ఒకే మనిషి చేశారని చెప్తే పిల్లలు తప్పకుండా చెవి ఒగ్గుతారు.

ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. బెంగళూరులో 1893లో పుట్టారు, విశాఖపట్నంలో పెరిగారు, చిన్నప్పుడే చూపు సరిగ్గా లేక బడి చదువు ఆగిపోయింది. 26వ ఏట ఈ పాఠశాలలో చేరడానికి వస్తే, ఆయన వాయించింది విని దాసు గారు నువ్వు నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి ఉండు అని వయొలిన్ ఆచార్యుడిగా పెట్టుకున్నారని అందరూ చెప్పే కథ. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది. వచ్చేముందు విన్న రికార్డింగు ఇక్కడ, గేటు బయట ఏదైనా చెట్టు నీడన, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ వినండి.

ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లోనే కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రవాడు వేలి ఉంగరం అమ్ముకుని ఇక్కడికి వచ్చాడు. తీరా చూస్తే కాలేజీకి సెలవులు. ద్వారం వారు ఆవరణలో ఉండనిచ్చారు. ఆ తర్వాత పట్రాయని సీతారామశాస్త్రి గారు దగ్గరికి తీసి గాత్రం నేర్పారు. ఆ కుర్రవాడు జోలె పట్టుకుని మధుకరం చేసుకుంటూ ఈ వీధుల్లోనే కడుపు నింపుకున్నాడు. ఆయనే ఘంటసాల. ఆయనకి అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు, కానీ ఈ ఊరిని మలిచినవాళ్ళ లెక్క రాస్తే వాళ్ళని ముందు రాయాలి. పాత వీధుల్లో నడిచేటప్పుడు ఇది చెప్పకుండా వదలకండి. తర్వాత తరంలో పి. సుశీల గారు, ఈ ఊళ్ళోనే 1935లో పుట్టి, ఈ కాలేజీలోనే డిప్లొమా చేశారు.

ఒక జాగ్రత్త. ఇది పిల్లలు చదువుకునే చోటు, క్లాసులు జరిగేటప్పుడు వరండాలో గుంపుగా నిలబడి వీడియోలు తీయొద్దు. ఆఫీసులో అడిగి, వాళ్ళు కూర్చోమన్న చోట కూర్చుంటే ఏదో ఒక గదిలో నుంచి వర్ణమో మృదంగమో వినపడుతుంది, అది చాలు.

సాయంత్రానికి అయ్యకోనేరు గట్టు

మధ్యాహ్నం ఎండలో తిరగకండి, భోంచేసి కాసేపు పడుకోండి. సాయంత్రం గంటస్తంభం మీదుగా అయ్యకోనేరు వైపు వెళ్ళండి. ఇది చాసో కోసం. చాగంటి సోమయాజులు గారు గురజాడ పోయిన 1915లోనే శ్రీకాకుళంలో పుట్టి, ఈ ఊరికి దత్తత వచ్చి, జీవితమంతా ఇక్కడే ఉన్నారు. రాసింది తక్కువ, ఒక్క మాట కూడా అదనంగా ఉండదు. బడి మాన్పించిన పిల్లవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపితే వాడు వెళ్ళి స్కూలు దగ్గర నిలబడే కథ చదివినవాళ్ళకి, ఈ వీధుల్లో స్కూలు సంచీతో వెళ్ళే ప్రతి పిల్లవాడూ వేరేగా కనిపిస్తాడు. ఆయన చుట్టూ శ్రీరంగం నారాయణబాబు, ఆరుద్ర లాంటివాళ్ళు చేరి కవిత్వం, కథ గురించి తెగ వాదించుకునేవారు. గట్టు మీద కూర్చుని ఆ కథ పైకి చదవండి, నాలుగు పేజీలే.

కొందరిని ఈ నడకలో కలపలేదు. కోడి రామమూర్తి గారు వీరఘట్టంలో పుట్టి ఇక్కడ పెరిగి, వ్యాయామం టీచరుగా చేసి, సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మల్లయోధుడు. శ్రీకాకుళంలో ఆయన పేరు మీద స్టేడియం ఉంది, ఆయన్ని అక్కడ కలుసుకోండి. 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళిన విజ్జీ ఈ వంశంవారే, కానీ ఆయన బతుకు ఎక్కువగా కాశీలో గడిచింది. మాక్స్ ముల్లర్ రుగ్వేదం రెండో ముద్రణకి డబ్బిచ్చింది కూడా మన ఆనంద గజపతే, అది సంస్కృత కాలేజీ ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక్క మాటలో చెప్తే సరిపోతుంది.

ఎప్పుడు రావాలి, మర్నాడు ఎటు వెళ్ళాలి

దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. అమ్మవారి పూజారి సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను చివర కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్తారు. పైడిమాంబ, అంటే పైడితల్లి అమ్మవారు, బొబ్బిలి యుద్ధానికి వెళ్ళిన పెద్ద విజయరామరాజు చెల్లెలని ఊరంతా నమ్ముతుంది, అంటే మీ కాగితంలోని 1757 ఆ రోజు రోడ్డు మీదకి వస్తుంది. తప్పకుండా చూడాల్సిందే, కానీ ఆ రోజు ఈ నడక కుదరదు, జనంలో అడుగు పడదు. సిరిమాను చూసి, ఒకటి రెండు రోజులు ఆగి ఊరు సద్దుమణిగాక నడవండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు.

మర్నాడు ఖాళీ ఉంటే రెండు దారులు. చరిత్ర మీద ఇష్టం ఉంటే భీమిలి వైపు పద్మనాభం వెళ్ళండి, 1794 జులై 10న యుద్ధం జరిగిన నేల అది, కొండ మీద గుడి కూడా ఉంది. సంగీతం మీద ఇష్టం ఉంటే బొబ్బిలి వెళ్ళండి. యుద్ధ స్మారక స్తంభం చూసి, పక్కనే ఉన్న గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాల దగ్గరికి వెళ్ళండి. ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణ వాళ్ళ ప్రత్యేకత. చేస్తున్న పని ఆపించి ప్రశ్నలు అడగకుండా, కాసేపు కూర్చుని చూడండి. బొమ్మ వీణలు చిన్నవి కూడా చేస్తారు, కొనదలుచుకుంటే బయట షాపులో కాకుండా చేసినవాళ్ళ దగ్గరే, బేరం ఆడకుండా కొనండి.